పేరు చెరిపితే ఊరు కూడా పోతది: కురిక్యాల బండ నుంచి మన ఫోన్ల దాకా

పోస్టు పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. రాసే అలవాటు ఉన్నోళ్లు, కొత్తగా రాయాలె అనుకుంటున్నోళ్లు మాత్రం చివరిదాకా రావాలె.

పోయిన నెల కోరుట్లల హాస్టల్‌ల ఉండి చదువుకునే ఒక తమ్ముడు నాకు ఒక పోస్టు పంపిండు. "అన్నా, ఇది నువ్వు రాసినట్టే ఉంది, కానీ నీ పేరు లేదు" అన్నడు. తెరిచి చూస్తే నాదే. రెండేండ్ల కింద మా తండా చరిత్ర మీద రాసిన వ్యాసం. మాది సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి వైపు. మా దాది చెప్పిన ముచ్చట్లు అవి. ఏ కరువుల కదిలిన్రు, ఎక్కడ ఎడ్లను ఇప్పిన్రు, పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఏడ్చుకుంట పాడే ఢావ్లోల ఏ ఊర్ల పేర్లు వస్తయి, అన్నీ నాలుగు సెలవుల్లో కూసోని రాసుకున్న.

నా పేరు తీసేసిన్రు. సరే, అది ఒకటి. దాని తర్వాత ఏం చేసిన్రో చూడండి. "మా దాది" అని నేను రాసిన కాడ "ఒక గిరిజన వృద్ధురాలు" అని పెట్టిన్రు. దాది పేరు, మా ఊరి పేరు కొట్టేసి "ఒక మారుమూల ప్రాంతం" అన్నరు. "తండా" అన్న ప్రతి కాడ "గూడెం" అని మార్చిన్రు. తండా లంబాడోళ్లది, గూడెం గోండు, కోయ, నాయకపోడు అన్నలది అని మన గ్రూపుల చిన్న పిల్లగాన్ని అడిగినా చెప్తడు. వాళ్లకు రెండూ ఒకటే. నా పోస్టుకు ఎన్నడూ రాని లైకులు దానికి వచ్చినయ్. కింద ఒకాయన "అద్భుతమైన పరిశోధన" అని రాసిండు.

ఆ రాత్రి నిద్ర పట్టలే. నా బాధ లైకులు పోయినందుకా, పేరు పోయినందుకా అని నన్ను నేనే అడుక్కున్న. చరిత్ర విద్యార్థిని గదా, మన చుట్టుపక్కల మట్టిల పేరు అనేదానికి ఎంత విలువ ఉండెనో వెతుక్కుంట పోయిన. దొరికిన సంగతులు మీ ముందర పెడుతున్న.

బండ మీద రాసిన పేరు

కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు వస్తుంటే గంగాధర మండలం తగుల్తది. అక్కడ కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. ఆ గుట్ట బండ మీద జైన బొమ్మలు, వాటి కింద ఒక శాసనం. క్రీ.శ. 945 ప్రాంతంలది అంటరు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలల్ల ఉంది. తెలుగుల దొరికిన అతి పాత కంద పద్యాలల్ల ఆ బండ మీదివి ముఖ్యమైనయి.

చెక్కించినాయన జినవల్లభుడు. ఆయన అన్న పంప కవి, కన్నడ సాహిత్యానికి ఆదికవి అని పేరున్న మనిషి. మన సిరిసిల్ల జిల్లాల ఉన్న వేములవాడనే రాజధానిగా ఏలిన చాళుక్యులల్ల రెండో అరికేసరి కొలువుల ఉండి, 941ల విక్రమార్జున విజయం రాసిండు. పంప తండ్రి భీమపయ్య అని, తల్లి అబ్బణబ్బె అని ఈ బండ చెప్తది. ఆ తమ్ముడు ఈ నాలుగు మాటలు చెక్కియ్యకపోతే, పంపకు మన నేలతో ఉన్న సంబంధాన్ని ఇంత గట్టిగా చెప్పగలిగేటోళ్లం కాదు. ఒక అమ్మ పేరు వెయ్యి ఏండ్ల కింద రాయి మీద రాసినందుకు ఇయ్యాల మనకు తెలుసు. నా వ్యాసంల మా దాది పేరు రెండేండ్లు గూడ నిలవలే.

పద్యంల దాచిన ఊరు

జగిత్యాల జిల్లా ధర్మపురి మనందరికీ తెలుసు. ఆ ఊరి శేషప్ప కవి నరసింహ శతకం రాసిండు. బడిల చదివినోళ్లకు దాని మకుటం నోటికి వస్తది. ప్రతి పద్యం చివర అదే పాదం, అందుల ధర్మపురి పేరు, నరసింహస్వామి పేరు ఉంటయి. అప్పట్ల అచ్చు లేదు, తాటాకు మీద ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాసుకునేది. ఎత్తిరాసేటోడు మొదటి పేజీ వదిలిపెట్టినా, నడుమ నుంచి ఒక్క పద్యమే తీసుకపోయినా, దాని తోని ధర్మపురి గూడ పోతది. ఊరిని తీసెయ్యాలంటే పద్యాన్నే విరగ్గొట్టాలె.

మకుటం ముఖ్యంగా దేవుని కోసమే. కానీ చేసిన పని చూస్తే, రాత ఎక్కడిదో చెప్పే ముద్ర గూడ అదే. అన్నమయ్య పదాలల్ల వేంకటేశుడు, క్షేత్రయ్య పదాలల్ల మువ్వగోపాలుడు ఇట్లనే పనికొచ్చిన్రు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్ల మళ్ల వస్త దీని దగ్గరికి.

పాట బతికింది, పేరు దాగింది

మన పోరాట పాటల సంగతి వేరే. "బండెనక బండి కట్టి" అంటే చానా మంది గద్దర్ అన్న పాట అంటరు. ఆయన 1979ల వచ్చిన మా భూమి సినిమాల పాడిండు, అందుకే అట్ల గుర్తుండిపోయింది. కట్టింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాటంల ప్రాణం ఇచ్చిన మనిషి. ఇక్కడ ఎవరూ దొంగతనం చెయ్యలే. పాట నోటి నుంచి నోటికి పోవాలనే కట్టిండు. పాట గెలిచింది, పేరు వెనక పడ్డది.

అందుకే ఎవరన్నా మన రాతను పంచుకుంటే అదంతా దొంగతనం అని నేను అనను. పంచుకున్నోడు ఎవరిదో చెప్పుకుంట పంచుకుంటడు. దొంగ పేరు గీకి తనది పెట్టుకుంటడు. ఈ రెంటి నడుమ మూడో రకం ఉంది. కింద "సేకరణ" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకునుడు. సేకరణ అయితే ఎవరి దగ్గర సేకరించినవు అన్నా?

జగిత్యాల కవి

దీనికి మన దగ్గరి ఉదాహరణ అలిశెట్టి ప్రభాకర్. 1954 జనవరి 12న జగిత్యాలల పుట్టిండు. ఫొటో స్టూడియో పెట్టుకోని బతికిండు, బొమ్మలు వేసిండు, నాలుగైదు పాదాలల్ల కత్తి లెక్క దిగే కవితలు రాసిండు. తొలి పుస్తకం ఎర్ర పావురాలు 1978ల వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరుల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించింది. ఆ గాలిలనే ఆయన కవిత్వం పెరిగింది. తర్వాత హైదరాబాద్ పోయి, పేదరికంల, క్షయ రోగంతోని 1993 జనవరి 12న, పుట్టిన రోజు నాడే పోయిండు. అప్పటికి 39 ఏండ్లు.

ఇయ్యాల ఆయన కవితలు ఫోన్లల్ల ఎంత తిరుగుతయో మీరు చూస్తనే ఉన్నరు. గులాబీ పువ్వు బొమ్మ మీద, సూర్యోదయం ఫొటో మీద పెడుతరు, చానా వాటి కింద పేరు ఉండదు. చిన్న కవితకు పేరు తొందరగ రాలిపోతది. పేరు రాలితే అది ఉత్త మంచి మాట అయితది. జగిత్యాల, ఆ 1978, ఆకలి, దగ్గు ఏవీ కనపడవు. రాసినోడు చచ్చినంక 60 ఏండ్ల దాకా కాపీరైట్ ఉంటదని మన చట్టం చెప్తది. ఆ లెక్కన ఆయన రాతలకు 2053 చివరి దాకా రక్షణ ఉంది.

మనోళ్ల మాట, పక్కోళ్ల అట్ట

1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంక, నిజాం సర్కారు గోండుల సంగతి చూడుమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన రాసిన రాజ్ గోండుల పుస్తకం 1948ల వచ్చింది. ప్రధాన్ కళాకారులు కీంగ్రి వాయించుకుంట పాడిన కథలు దాంట్ల ఉన్నయి. ఆయన మనోళ్లకు మేలు చేసినాయన, దొంగ కాడు. మార్లవాయిల ఆయననూ, ఆయన భార్యనూ ఇప్పటికీ తలుచుకుంటరు. కానీ పుస్తకం అట్ట మీద పాడినోళ్ల పేర్లు లేవు. చదువు లేని రోజులల్ల మన చరిత్ర ఇంకొకరి చేతి నుంచి రావుడు తప్పలే. ఇయ్యాల మనం పెన్ను పట్టుకున్నం. ఇప్పుడు గూడ మన పేరు, మన అవ్వల పేరు కొట్టేస్తే, మళ్ల ఆ "ఒక గిరిజన వృద్ధురాలు" కాడికే పోతం. నా బాధ ఇదే అని అప్పుడు సమజైంది.

నా తప్పు గూడ చెప్పాలె

ఆ రాత్రే నా పాత పోస్టులన్నీ తిరగేసిన. జైత్రయాత్ర మీద నేను రాసిన పోస్టుల రెండు పేరాలు నావి కావు. ఒక పెద్దమనిషి పాత పత్రికల రాసినయి. కింద ఏం పెట్టిన్నో తెలుసా? "సేకరణ." సిగ్గనిపించింది. తెల్లారంగనే ఆయన పేరు, పత్రిక పేరు పెట్టి పోస్టు సరిచేసిన, ఆయనకు ఫోన్ చేసి చెప్పిన. "పర్వాలేదు బిడ్డా, ఇన్నేండ్లకు ఒక్కడన్నా అడిగిండు" అన్నడు. అదయినంకనే నా రాత కోసం అడిగే ధైర్యం వచ్చింది.

ఏం చేయాలె

మీకు ఇట్ల అయితే నేను నేర్చుకున్నయి ఇవి.

మొదలు కోపంతోని కామెంట్ పెట్టకండి. పెడితే వాళ్లు పోస్టు తీసేసి "మేం పెట్టనే లేదు" అంటరు. ముందుగాల తేదీ కనపడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి, లింకు దాచిపెట్టండి. మీ అసలు పోస్టు తేదీ, చిత్తుప్రతి, నోట్‌బుక్ పేజీల ఫొటోలు ఒక్క కాడ పెట్టుకోండి.

తర్వాత మర్యాదగ ఒక మెసేజ్ పంపండి. పేరు పెడుతవా, తీసేస్తవా అని అడగండి. కొందరు నిజంగనే తెల్వక చేస్తరు.

వినకపోతే ఆ సైటుల కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటది, అది నింపండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 24 గంటలల్ల అందిందని చెప్పాలె, నిబంధనలల్ల పెట్టిన గడువు లోపల తేల్చాలె.

కాపీరైట్ రిజిస్టర్ చేసుకోలేదని భయపడకండి. 1957 చట్టం ప్రకారం రాసిన గడియ నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అదే చట్టంల 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేటట్టు మార్చొద్దనే హక్కు రాసినోడికే ఉంటయని అది చెప్తది.

కానీ ఒకటి. చరిత్ర సంగతులు ఎవరి సొత్తూ కావు. 1978లనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసుల, ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక విషయానికి కాపీరైట్ లేదని చెప్పింది. జైత్రయాత్ర తేదీ నాది కాదు, దాన్ని నేను చెప్పిన వాక్యం నాది. ఢావ్లో గూడ నాది కాదు, తరతరాల ఆడోళ్లది. అందుకే పాడినామె పేరు చెప్పుడు నా మీద గూడ ఉన్న బాధ్యత. దీనికి చట్టం అక్కర లేదు, ఇమానం ఉంటే చాలు.

ఇంకోటి, అవతలోని ఫోన్ నంబరు గ్రూపులల్ల పెట్టి తిట్టియ్యొద్దు. అట్ల చేస్తే మనం బాధితులం కాకుండా పోతం.

నా కథ ఏమైంది

మెసేజ్‌కు జవాబు రాలే. ఫారం నింపినంక కొన్ని రోజులకు ఆ పోస్టు పోయింది. క్షమాపణ ఏం లేదు. అప్పటికే దాన్ని ఎత్తుకున్నోళ్ల దగ్గర "ఒక గిరిజన వృద్ధురాలు" ఇంకా తిరుగుతనే ఉంది. అది నా చేతుల లేదు.

నా చేతుల ఉన్నది నేను చేసిన. ఆ వ్యాసాన్ని మళ్ల రాసిన. ఇంతకు ముందు నా పేరు కింద, దాది పేరు పైన ఒక్కసారి ఉండె. పైనా కిందా కత్తిరిస్తే సరిపోయింది వాళ్లకు. ఇప్పుడు శేషప్ప లెక్క చేసిన. ప్రతి పేరాల దాది పేరో, తండా పేరో, పక్కన పారే వాగు పేరో వాక్యంల కలిపి నేసిన. సిరిసిల్ల బట్టల పోగు లెక్క, అది గుంజితే బట్ట చినుగుతది. రేపు ఎవడన్నా ఎత్తుకపోయినా మా తండాను గూడ ఎత్తుకోనే పోవాలె.

పోయిన ఆదివారం ఇంటికి పోయి దాదికి చదివి వినిపించిన. తన పేరు వచ్చినప్పుడల్లా "మళ్లానా?" అని నవ్వింది. అయిపోయినంక, "ఆ పాట మా అమ్మ నేర్పింది, ఆమె పేరు ఏది?" అని అడిగింది.

ఇయ్యాల అది గూడ చేర్చిన. మీరు గూడ మీ ఇండ్లల్ల అడగండి, రాయండి, పేర్లతో రాయండి. జోహార్.