మార్లవాయి బడి నేర్పిన పాఠం

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, మన గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. సర్కారు భాష ఉర్దూ, మన ఇంటి భాష గోండి. అందుకే గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. ఇంట్లో మాట్లాడే మాటే పిల్లలకు బడిలో మొదటి పాఠమైంది.

తర్వాత బడి భాష తెలుగైంది, గోండి గడప బయటే ఆగిపోయింది. పంతులు మాట అర్థంకాని పిల్లవాడు మూగవాడిలా కూర్చుంటాడు. కొన్నాళ్లకు బడే మానేస్తాడు. అతనికి తెలివి లేక కాదు.

నాలుగు, ఐదు తరగతుల్లో మార్లవాయి పద్ధతిని మనం మళ్లీ పట్టుకోవచ్చు. ఊరి వాగులు, గుట్టలు, దేవుళ్ల చోట్లతో పిల్లల చేత పటం గీయిద్దాం. ఊరికి ఆ పేరెలా వచ్చిందో తాతలను, అవ్వలను అడిగి రాసుకురమ్మందాం. కింగ్రి వాయించే ప్రధాన్‌ను తరగతికి పిలిచి కథ చెప్పిద్దాం. ఆ కథలోని మాటలను నల్లబల్లపై ఒకవైపు గోండిలో, మరోవైపు తెలుగులో రాద్దాం.

గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల మన లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లోనూ చేరింది. ఇక అది చేరాల్సింది మన తరగతి గదిలోకే.