లెక్కల చదువు: బడి పెద్దదై ఉండాలా, సార్ సీనియర్ అయి ఉండాలా?

కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ మండలం నుంచి విడిపోయి కొత్త మండలమైన మహమ్మద్ నగర్ లాంటి చోట పిల్లల్ని బడిలో వేసేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ఊళ్లోని చిన్న బడే చాలా, బాన్సువాడలో పెద్ద స్కూలుకు పంపాలా? లెక్కల విషయంలో ఇది ఇంకా పెద్ద ప్రశ్న.

బడి సైజు: చిన్న బడిలో పిల్లలు తక్కువ కాబట్టి సార్ ఒక్కొక్కరినీ గమనించే వీలుంటుంది. అయితే టీచర్లూ తక్కువే ఉంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. అంటే ఐదు తరగతులను ఇద్దరే నడపాలి. ఒకటో తరగతికి కూడికలు చెప్తుంటే ఐదో తరగతి భిన్నాలు ఆగిపోతాయి. లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పై మెట్టు అందదు. 6 నుంచి 8 తరగతులకు సైన్స్, లెక్కలు చెప్పే టీచర్ కనీసం ఒక్కరైనా ఉండాలని అదే చట్టం చెప్తోంది.

టీచర్ అనుభవం: కొత్తగా చేరిన టీచర్ బోధన మొదటి కొన్నేళ్లలో బాగా మెరుగవుతుందనీ, తర్వాత ఆ వేగం తగ్గుతుందనీ చాలా అధ్యయనాల్లో తేలింది. అంటే ఐదేళ్ల సర్వీసుకూ ఇరవై ఏళ్ల సర్వీసుకూ మధ్య తేడా మనం అనుకున్నంత ఉండకపోవచ్చు.

మన దగ్గరి అనుభవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పరిశోధన చేశారు. లాటరీ పద్ధతిలో ఎంచిన 100 పల్లె సర్కారు ప్రాథమిక బడులకు ఒక్కో కాంట్రాక్ట్ టీచర్‌ను అదనంగా ఇచ్చారు. వాళ్లకు శిక్షణ, జీతం రెండూ తక్కువే. కానీ రెగ్యులర్ టీచర్ల కన్నా బడికి ఎగ్గొట్టింది తక్కువ. రెండేళ్లకు ఆ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లల కన్నా ముందున్నారు. అనుభవం అక్కర్లేదని దీనర్థం కాదు. బడిలో ఇంకొక మనిషి ఉండి, రోజూ రావడం అంత ముఖ్యమన్నమాట.

ఉర్దూ మీడియంలో రిజర్వుడు పోస్టులకు అభ్యర్థులు దొరక్క ఖాళీలు మిగిలిపోవడం డీఎస్సీల్లో పాత సమస్యే. అందుకే బిల్డింగ్ చూసి మురిసిపోయే ముందు తల్లిదండ్రులు మూడు సంగతులు అడగాలి. తరగతులెన్ని, టీచర్లెందరు? లెక్కలు ఎవరు చెప్తున్నారు? ఆ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ? సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. కాబట్టి అమ్మలు కూడా మీటింగుకు వెళ్లి ఈ సంగతులు అడగొచ్చు.