కంచెకు ఇవతల ముల్లు లేదు

ఆరెగాన్‌లో పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న బీవర్టన్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇల్లు. ఒక ఆగస్టు నెలంతా అక్కడే ఉన్నాను. పెరటి కంచె అవతల చిన్న వాగు. దాని గట్టంతా ముళ్లపొద. మనిషెత్తు దాటి లేచి, కొనలు వంగి, నేలను తాకిన చోటల్లా మళ్లీ వేళ్లూనింది. కంచెకు ఇవతల తీగెల మీదికి పాకించిన ఇంకో పొద. రెండింటి నిండా అవే నల్లటి పళ్లు. వదిన పొద్దున్నే స్టీలు గిన్నె పట్టుకుని ఇవతలి పొదలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టేసేది. అవతలి పొదలో చెయ్యి పెడితే ఏమవుతుందో నా చొక్కాకి తెలుసు.

రెండూ బ్లాక్‌బెర్రీలే. ఒకదానికి ముళ్లు ఎలా పోయాయి, రెండోది అన్నేసి ముళ్లతో అక్కడికి ఎలా చేరింది అని అడిగితే రెండు కథల్లోనూ కొత్త మొక్కల రకాలు పుట్టించిన లూథర్ బర్బాంక్ పేరే వినిపిస్తుంది. ఒక కథలో ఆ పేరు న్యాయంగానే వస్తుంది. ముళ్లు పోయిన కథలో మాత్రం ఆయనకు రావలసిన దానికంటే కాస్త ఎక్కువే ఇచ్చేస్తున్నామని నా అనుమానం.

‘ఒక యోగి ఆత్మకథ’ చదివినవాళ్లకు బర్బాంక్ కొత్త కాదు. 1946లో వచ్చిన ఆ పుస్తకాన్ని పరమహంస యోగానంద అంకితమిచ్చింది ఆయనకే. కాలిఫోర్నియాలోని శాంటారోసా తోటలో నాగజెముడుతో మాట్లాడి, భయం అక్కర్లేదని నచ్చజెప్పి ముళ్లు మాన్పించానని బర్బాంక్ చెప్పినట్టు అందులో ఉంటుంది. చదువుతుంటే ఎంత బాగుంటుందో! తోటలో అసలు జరిగే పని మాత్రం వేల మొక్కలు మొలిపించడం, నచ్చిన నాలుగు ఉంచుకోవడం, మిగతావి పెరికి మంటలో వేయడం. ఆయన అమ్మకానికి పెట్టిన వింతల్లో తెల్ల బ్లాక్‌బెర్రీ ఉంది, ముళ్లు లేని బ్లాక్‌బెర్రీ కూడా ఉంది.

అదే చేత్తో 1885లో ఇంకొకటి వదిలారు. ఇండియా నుంచి వచ్చిన విత్తనాలతో పెంచింది కాబట్టి దానికి ‘హిమాలయ జెయింట్’ అని పేరు పెట్టారు. పండు పెద్దది, కాపు విపరీతం. హిమాలయాలకూ దానికీ ఏ సంబంధమూ లేదనీ, అది అర్మేనియా, ఉత్తర ఇరాన్ వైపు మొక్క అనీ తర్వాత తేలింది. ఈలోగా పిట్టలు పళ్లు తిన్నాయి, గింజలు ఊరూరా పంచాయి. ఇప్పుడది ఆరెగాన్ ప్రభుత్వం హానికరమైన కలుపుగా ప్రకటించిన మొక్క. అక్కడ మేకల మందల్ని అద్దెకు తెచ్చి మరీ మేపిస్తారు. వాగు గట్టున నా చొక్కా పట్టుకున్నది అదే.

ఇక కంచెకు ఇవతలి కథ. నిమ్మ ముల్లు కర్రలోంచి వస్తుంది. బ్లాక్‌బెర్రీది గులాబీ వరస, తోలు మీద మొలుస్తుంది. బొటనవేలితో పక్కకు నొక్కితే పుటుక్కున ఊడి, కింద చిన్న తడిమచ్చ మిగులుతుంది. తోలు వ్యవహారం కాబట్టే ఒక్కోసారి తోలొక్కటే మారిపోతుంది. ‘థార్న్‌లెస్ ఎవర్‌గ్రీన్’ అనే రకం అలాంటిదే. పైపొరకు ముల్లు లేదు, లోపలిదంతా పాత ముళ్ల మొక్కే. కొన వంచి నేలంటు కడితే నున్నటి మొక్క వస్తుంది. పార తగిలి వేరు తెగిందా, అక్కణ్నుంచి లేచే పిలకకు నిలువెల్లా ముళ్లే.

నిలకడగా ముళ్లు పోయిన మొక్క లండన్ శివార్లలోని మెర్టన్‌లో దొరికింది. అక్కడ 1910లో మొదలైన జాన్ ఇన్నిస్ సంస్థలో ఎం.బి. క్రేన్ అనే శాస్త్రవేత్త యూరప్ అడవి జాతి ఒకదానిలోని ముళ్లు లేని మొక్కను తీసుకుని, ముళ్లున్న మరో జాతితో కలిపారు. మొదటిదానికి క్రోమోజోముల సెట్లు రెండు, రెండోదానికి నాలుగు. లెక్క ప్రకారం పిల్లలకు మూడేసి సెట్లు రావాలి, అవి సరిగా కాయవు. ఒక మొక్కకు మాత్రం ముళ్లు లేని వైపు నుంచి సగానికి బదులు మొత్తం దిగిపోయింది. అలా నాలుగూ కుదిరాయి. క్రేన్, ఆయన సహోద్యోగి డార్లింగ్టన్ 1927లో ఈ సంగతి ప్రచురించారు. అయితే పైకి అది ముళ్ల మొక్కే, నునుపుదనం లోపల దాక్కుంది. అది బయటపడాలంటే నాలుగు సెట్లలోనూ అదే ఉండాలి. ఆ మొక్క పుప్పొడి దానికే పట్టిస్తే 36 మొలకల్లో ఒకదానికి ఆ యోగం. ‘మెర్టన్ థార్న్‌లెస్’ వచ్చింది ఈ దారిలోనే. ఇవాళ పెరళ్లలో ఉన్న ముళ్లు లేని రకాల్లో చాలావాటికి తాతమ్మ ఇదే. దీనితో ఎవరూ మాట్లాడినట్టు దాఖలా లేదు.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని తమ రకాలతో కలిపితే మొదటి తరం మొత్తం ముళ్లతో పుట్టింది. ఆ ముళ్ల పిల్లల్ని మళ్లీ కలిపి, మొలకలు ఏరుకోవాల్సి వచ్చింది. అదృష్టవశాత్తూ ఏరడానికి ముల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. బీజదళాలు విచ్చుకోగానే భూతద్దం పెట్టి చూస్తే ముళ్లు రాబోయే మొలకకు సన్నటి బంకనూగు కనిపిస్తుంది, ముళ్లు లేనిదానికి కనిపించదు. గోరంత మొలకల మీద వంగి కూర్చున్న ఆ మనుషుల్ని తలుచుకుంటే నాకు బియ్యంలో రాళ్లేరే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. 1966లో థార్న్‌ఫ్రీ, స్మూత్‌స్టెమ్ బయటికొచ్చాయి. 1985లో చెస్టర్, 1996లో ట్రిపుల్ క్రౌన్. ఇవన్నీ ఊతం కోరే రకాలు. ఊతం లేకుండా నిటారుగా నిలబడే నవాహో 1980ల చివర్లో అర్కన్సా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది.

వదినది చెస్టర్. ముళ్లు లేవు గానీ పెంచడంలో ఒక మెలిక ఉంది. ఈ ఏడు లేచిన కాడ వచ్చే ఏడు కాస్తుంది, కాసి చచ్చిపోతుంది. అన్నయ్యకు ఇది తెలియక మొదటి చలికాలం అన్నిటినీ మొదలంటా కోసేశాడట. మరుసటి వేసవి ఆకులే ఆకులు, ఒక్క పండు లేదు. ఇప్పుడు వదిన కొత్త కాడలకు ఎర్ర ఊలు ముడి వేస్తుంది. కోత అయ్యాక ముడి లేనివాటినే కత్తిరిస్తుంది. పండు కోయడంలోనూ తొందర పనికిరాదు. మెరుస్తున్న నలుపు పులుపే. మెరుపు తగ్గి, వేలు తగలగానే చేతిలోకి రాలాలి. మా విజయవాడకు ఒక మొక్క పట్టుకెళ్లనా అని అడిగితే నవ్వింది. చలికాలంలో కొన్ని వందల గంటల చలినిద్ర లేనిదే ఇది సరిగా పూయదు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నేనే గిన్నె పట్టుకుని, వదినలాగే ధీమాగా చెయ్యి పెట్టాను. కెవ్వుమన్నాను. చెస్టర్ ఆకుల మధ్య బొటనవేలంత లావు కాడ, ఎర్రటి ముళ్లు. కంచె మీంచి వంగి, కొన నేలలో దిగి, వేళ్లు కూడా వేసేసింది. వదిన తోలు గ్లవ్స్ తొడుక్కుంటూ, “మీ హిమాలయాలాయనే బాబూ, ఏటా వస్తాడు. ఆ పార ఇటియ్యి” అంది.