జీతం చేతిలో ఉండగానే

1892లో కలకత్తా అప్పర్ సర్క్యులర్ రోడ్డులో 91వ నంబరు అద్దె ఇంట్లో మందుల తయారీ మొదలైంది. ఆ ఇంట్లో ఉంటున్నది ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రఫుల్ల చంద్ర రాయ్. ఎడిన్‌బరోలో డీఎస్సీ చేసి వచ్చి, 1889లో నెలకు 250 రూపాయల జీతంతో కొలువులో చేరారు. వ్యాపారానికి పెట్టుబడి సుమారు 700 రూపాయలు, అంటే మూడు నెలల జీతానికి కాస్త తక్కువ. బెంగాల్ కెమికల్స్ పుట్టుక అంత చిన్నది.

అప్పటి బెంగాల్లో చదువుకున్న కుర్రాడికి గుమాస్తా కొలువే పరమావధి. డిగ్రీ చేతికి రాగానే ఆఫీసుల చుట్టూ తిరగడం, దొరికిన జీతాన్ని పట్టుకుని వేలాడటం. రాయ్ ఈ ధోరణిని జీవితాంతం దుయ్యబట్టారు. అయినా తన ఉద్యోగం మాత్రం వదల్లేదు. 1916లో రిటైరయ్యే దాకా ప్రెసిడెన్సీలోనే పాఠాలు చెప్పారు. ఆయన పద్ధతిలోని బలమంతా ఇక్కడే ఉంది. జీతం ఇంటిని నడిపింది కాబట్టే, సరుకు అమ్ముడుపోని నెలల్లోనూ వ్యాపారం బతికి బట్టకట్టింది.

సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఇంట్లో రెండో కొలువు మొదలయ్యేది. ఫాస్ఫేట్ ఆఫ్ సోడా తయారీకి ఎముకలు కావాలి. రాజాబజారు కసాయివాళ్ల దగ్గర బస్తాల కొద్దీ పచ్చి ఎముకలు కొని మేడ మీద ఆరబోశారు. ఆ శీతాకాలంలో వాన పట్టుకుంది. ఎముకలకు అంటుకున్న మాంసం కుళ్లి పురుగులు పట్టింది. కాకులు వాలి, ముక్కలు ఎత్తుకెళ్లి చుట్టుపక్కల ఇళ్ల మీద పడేశాయి. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? వెంటనే తీయకపోతే కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేస్తామన్నారు. చివరికి ఎముకల్ని మానిక్తలాకు తరలించి రాత్రిపూట కాలిస్తే, ఎవరినో చంపి శవాన్ని తగలబెడుతున్నారేమోనని పోలీసులొచ్చారు!

తయారీ కంటే అమ్మకం కష్టమైంది. పేరున్న విదేశీ కంపెనీల సరుకు దొరుకుతుంటే ఇంట్లో చేసిన మందు మాకెందుకన్నారు దుకాణదారులు. అప్పుడు స్నేహితుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్ తోడయ్యారు. తోటి డాక్టర్లకు నచ్చజెప్పి చీటీల మీద ఈ మందులు రాయించారు. వాము నీరు, అడ్డసరం సిరప్ లాంటి నాటు మందులు కూడా అలా డాక్టర్ల బల్ల మీదికి చేరాయి. 1898లో ప్లేగు అమూల్య చరణ్‌ను పొట్టన పెట్టుకుంది. అంత దెబ్బ తగిలినా పని ఆగలేదు. 1901లో సంస్థ లిమిటెడ్ కంపెనీ అయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. రాయ్ బ్రహ్మచారి. ఆయన తెగువను పిల్లల ఫీజులు, ఇంటి అద్దె లెక్కేసుకునే సంసారితో పోల్చడం న్యాయం కాదు. ఆ సంసారి భయాన్ని పిరికితనం అనడం మరీ అన్యాయం.

రాయ్ మొదలుపెట్టిన మరుసటి ఏడు, 1893లో, బొంబాయిలో మన కృష్ణా జిల్లా ఎలకుర్రువాసి కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం తెచ్చారు. అంతకుముందు ఆయన కలకత్తాలో, బొంబాయిలో ఒకరి కింద ఉద్యోగం చేసినవారే. కొత్త మందును ఎవరు నమ్ముతారు? అందుకే సంగీత సభల్లో ఉచితంగా పంచారు. రాసుకున్నవాళ్లే దానికి ప్రచారకులయ్యారు. 1908లో ఆయన బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికను మొదలుపెట్టారు.

ఇక సంసారి కథ కావాలంటే 1969 నాటి అహ్మదాబాద్ చూడాలి. కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖ లేబరేటరీలో ఉద్యోగి. ఇంటి పెరట్లో సోడా యాష్ తదితరాలు కలిపి బట్టల పొడి చేసేవారు. ప్యాకెట్లు సైకిలుకు కట్టుకుని, ఆఫీసుకు పోతూ వస్తూ ఇంటింటికీ అమ్మేవారు. సర్ఫ్ కిలో 13 రూపాయలు పలికే రోజుల్లో ఆయన పొడి మూడు రూపాయలే. దానికి కూతురు పేరు మీద నిర్మా అని పెట్టారు.

ఇలాంటి కథల్ని ఒక్క గంతులో గోడ దూకినట్టు చెప్పుకోవడం మనకు అలవాటు. కానీ పటేల్ సుమారు మూడేళ్ల పాటు ఉద్యోగం చేస్తూనే ఏ వీధిలో ఎంత అమ్ముడవుతుందో, మళ్లీ ఎవరు అడుగుతారో కళ్లారా చూశారు. ఆ తర్వాతే రాజీనామా చేసి, ఊరి శివారులో చిన్న వర్క్‌షాపు పెట్టారు. 1980లలో ఆ పెరటి పొడి పోటీకి తట్టుకోవడానికే సర్ఫ్ తయారుచేసే హిందుస్థాన్ లీవర్ చౌక ధరలో వీల్ అనే బట్టల పొడిని మార్కెట్లోకి తేవాల్సి వచ్చింది.