డార్క్ గెలాక్సీ: నక్షత్రాలు లేవు.. వెలుగు లేదు.. మరి ఉందని ఎలా కనిపెట్టారు?

గెలాక్సీ అనగానే కోట్లాది నక్షత్రాల వెలుగే గుర్తొస్తుంది. కానీ నక్షత్రాలు అతి తక్కువగా ఉన్నవి, అసలే లేనివి కూడా ఉన్నాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వీటినే డార్క్ గెలాక్సీలు అంటారు. వీటి బరువులో దాదాపు మొత్తం డార్క్ మ్యాటర్‌దే.

ఎందుకీ వేట?

డార్క్ మ్యాటర్ కాంతిని ఇవ్వదు, అడ్డుకోదు. గురుత్వాకర్షణ మాత్రం ఉంటుంది. విశ్వంలో మామూలు పదార్థం కంటే ఇది దాదాపు 5 రెట్లు ఎక్కువ. ముందు డార్క్ మ్యాటర్ ముద్దలుగా చేరిందని, అవి లాక్కున్న గ్యాస్ నుంచే నక్షత్రాలు పుట్టాయని సిద్ధాంతం. అదే నిజమైతే, నక్షత్రాలు పుట్టని చిన్న ముద్దలు కూడా ఉండాలి. అవి ఎక్కడా దొరక్కపోతే సిద్ధాంతానికే చిక్కు.

ఎలా పట్టుకుంటారు?

ఉన్న కొద్ది నక్షత్రాల వేగాన్ని కొలవడం ఒక పద్ధతి. వేగం ఎంత ఎక్కువుంటే, అవి చెదిరిపోకుండా పట్టి ఉంచే బరువు అంత ఎక్కువన్నమాట. నక్షత్రాలే లేకపోతే హైడ్రోజన్ గ్యాస్ నుంచి వచ్చే రేడియో తరంగాలే ఆధారం.

నిలవని లెక్కలు

2005లో ప్రకటించిన వర్గోహెచ్ఐ21 తొలి డార్క్ గెలాక్సీ అనుకున్నారు. తర్వాత అరెసిబో టెలిస్కోప్ పరిశీలనల్లో అది పక్క గెలాక్సీ నుంచి ఊడివచ్చిన గ్యాస్ తోక అని తేలింది. 2016లో డ్రాగన్‌ఫ్లై 44 వంతు వచ్చింది. అందులో 99.99 శాతం డార్క్ మ్యాటరేనని అంచనా వేశారు. 2019లో మళ్లీ కొలిస్తే నక్షత్రాల వేగం సెకనుకు 47 నుంచి 33 కిలోమీటర్లకు తగ్గింది. దాంతో బరువు అంచనా కూడా పడిపోయింది.

క్లౌడ్-9 సంగతేంటి?

ప్రస్తుతం బలమైన ఆధారం ఇదే. ఎం94 గెలాక్సీ దగ్గర, మనకు సుమారు 1.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చైనాలోని ఫాస్ట్ రేడియో టెలిస్కోప్ దీన్ని గుర్తించగా, హబుల్ ఎంత వెతికినా నక్షత్రాల జాడ దొరకలేదు. ఇందులో హైడ్రోజన్ బరువు 10 లక్షల సూర్యులంత. ఆ గ్యాస్ చెదిరిపోకుండా ఉండాలంటే దాదాపు 500 కోట్ల సూర్యులంత డార్క్ మ్యాటర్ కావాలి.

మరి నక్షత్రాలు ఎందుకు పుట్టలేదు? ఇంకాస్త బరువుంటే గ్యాస్ కుప్పకూలి నక్షత్రాలు పుట్టేవి. ఇంకాస్త తక్కువైతే గ్యాస్ ఎగిరిపోయేది. సరిగ్గా ఆ మధ్యలో ఆగిపోయింది. అందుకే దీన్ని ‘విఫల గెలాక్సీ’ అంటున్నారు.

అయితే ఒక్కటి దొరికితే సరిపోదు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తేలితేనే సిద్ధాంతం నిలుస్తుంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో నిర్మాణంలో ఉన్న ఎస్కేఏ రేడియో టెలిస్కోప్ హైడ్రోజన్ జాడను మరింత స్పష్టంగా పట్టగలదు. ఈ ప్రాజెక్టులో భారత్ కూడా భాగస్వామే.