మహలఖా బాయి సమాధి

హైదరాబాదు పాతబస్తీకి ఈశాన్యంగా, మౌలాలి గుట్ట అడుగున ప్రహరీ గోడల మధ్య ఉన్న సమాధి మందిరం. ఆసఫ్‌జాహీ దర్బారు గాయని, కవయిత్రి మహలఖా బాయి చందా తన తల్లి రాజ్ కున్వర్ బాయి జ్ఞాపకార్థం 1792లో దీన్ని కట్టించింది. తర్వాత ఆమెనూ ఇక్కడే, తల్లి పక్కన సమాధి చేశారు.

ప్రేమకు గుర్తుగా కట్టిన సమాధి అనగానే, ముంతాజ్ మహల్ కోసం షాజహాన్ ఆగ్రాలో కట్టించిన పాలరాతి తాజ్‌మహల్ గుర్తుకొస్తుంది. దాన్ని చూసి కట్టినదే ఔరంగాబాదులోని బీబీ కా మక్బరా. ఆ రెండూ పాదుషాల ఖజానాతో లేచిన కట్టడాలు. మౌలాలిది ఒక కూతురు సొంత సంపాదనతో తల్లికి కట్టించిన సమాధి. ఇందులో పాలరాతి వైభవం లేదు, సున్నపు గచ్చుతో చేసిన సున్నితమైన పనితనం ఉంది.

గుట్ట మీది హజ్రత్ అలీ దర్గా కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని యాకూత్‌కు 1578లో ఇక్కడ అలీ కలలో కనిపించాడని, రాతిపై చేతి ముద్ర మిగిలిందని భక్తుల నమ్మకం. ఏటా రజబ్ నెల 17న జరిగే ఉర్సుకు నిజాములు కూడా పరివారంతో తరలివచ్చేవారు. రాజ్ కున్వర్ బాయికి గర్భం నిలవడం కష్టమైనప్పుడు ఈ దర్గా నుంచి తెచ్చిన దారం కట్టాకే బిడ్డ దక్కిందని చెబుతారు. తల్లి సమాధికి కూతురు ఈ చోటునే ఎంచుకోవడం సహజమే.

1768లో పుట్టిన ఆ బిడ్డ పేరు చందా బీబీ. రెండో నిజాం అలీ ఖాన్ ఆమెకు మహలఖా బాయి అన్న బిరుదుతో పాటు జాగీర్లూ ఇచ్చాడు. పాటలో, నాట్యంలోనే కాదు, విలువిద్యలోనూ దిట్ట. నిజాం దండయాత్రలకు వెంట వెళ్లింది. ఉర్దూలో దివాన్ (కవితా సంపుటి) కూర్చిన తొలి స్త్రీలలో ఒకరు. 1799లో ఆ దివాన్ ప్రతిని ఆంగ్లేయ అధికారి జాన్ మాల్కంకు బహూకరించింది. ఘులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ చేత 'మాహ్‌నామా' అనే దక్కన్ చరిత్ర రాయించింది. ఈ సమాధి కట్టించేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. వృత్తిలో పేరు మోసిన ఒక స్త్రీ అంత చిన్న వయసులో తల్లి పేరిట తోట, మసీదు కలిపి ఇంతటి నిర్మాణం తలపెట్టడం దక్కన్‌లో అరుదైన విషయం.

1824లో ఆమె మరణించింది. సమాధి ద్వారం మీది శాసన పద్యంలో చివరి పాదం అక్షరాలకు అబ్జద్ లెక్క ప్రకారం విలువలు వేసి కూడితే 1240 వస్తుంది. అదే ఆమె మరణించిన హిజ్రీ సంవత్సరం. తన ఆస్తిని నిలువ నీడలేని స్త్రీలకు రాసి వెళ్లింది.

ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు తోట ఆలనాపాలనా లేక పాడుపడింది. 2010–11లో అమెరికా ప్రభుత్వ నిధులతో మరమ్మతులు జరిగాయి. ఆమె జాగీరైన అడిక్‌మెట్ భూముల్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది.