గొంతులో మైనం, టెఫ్లాన్, కొవ్వు: ఒక చికిత్స నేర్పిన పాఠం

నెల్లూరు తీరంలోని చిల్లకూరు ప్రాంతం సిలికా ఇసుకకు పేరుపొందింది. గాజు తయారీకి ఆధారమైన ఈ సిలికా సన్నని ధూళిగా ఊపిరితిత్తుల్లో చేరితే, అక్కడి భక్షక కణాలు దానిని మింగగలవు గాని అరిగించుకోలేవు. చుట్టూ మచ్చ కణజాలం పేరుకొని సిలికోసిస్ వ్యాధి వస్తుంది. శరీరం తనకు పరాయిదైన పదార్థాన్ని చూసి ఊరుకోదు. ఈ సత్యాన్ని గొంతు వైద్యం కూడా చాలా మూల్యం చెల్లించి నేర్చుకున్నది.

మనం మాట్లాడేటప్పుడు స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు దగ్గరకు వచ్చి కంపిస్తాయి. థైరాయిడ్ శస్త్రచికిత్సలో గాని, ఛాతీలోని కణితి వల్ల గాని నాడి దెబ్బతింటే ఒక తంత్రి చచ్చుబడుతుంది. మధ్యలో సందు మిగిలి మాట గాలిగా పోతుంది. నీళ్లు తాగితే పొలమారుతుంది. 1911లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ బ్రూనింగ్స్ ఆ తంత్రిలోకి సూదితో పారఫిన్ మైనం ఎక్కించి, దానిని ఉబ్బించి సందు పూడ్చే ప్రయత్నం చేశాడు. గొంతు మెరుగుపడింది. కాని మైనం పెట్టినచోట నిలవక జరిగేది. చుట్టూ పారఫినోమా అనే గడ్డలు కట్టేవి. క్రమంగా ఆ పద్ధతి మూలపడింది.

1960ల ఆరంభంలో గాడ్‌ఫ్రే ఆర్నాల్డ్ టెఫ్లాన్ ముద్దను ప్రవేశపెట్టాడు. రసాయనికంగా దేనితోనూ కలవని పదార్థం గనుక శరీరం దాని జోలికి పోదని ఆశించారు. నేను వైద్యం చదివిన రోజుల్లో అదే ప్రధాన పద్ధతి. అయితే కొందరు రోగుల్లో నెలలు, ఏళ్లు గడిచాక ఆ రేణువుల చుట్టూ భక్షక కణాలు మూగి, ఒకదానితో ఒకటి కలిసి బృహత్కణాలుగా మారి, గ్రాన్యులోమా అనే గడ్డ తయారైంది. తంత్రి బిగుసుకుపోయి గొంతు మళ్లీ బొంగురుపోయింది. కొందరికి ఊపిరి కూడా అడ్డింది. కణజాలంలో ఇంకిపోయిన టెఫ్లాన్‌ను పూర్తిగా తీయడం దుస్సాధ్యం.

దీనితో వైద్యుల ఆలోచన మారింది. శాశ్వతంగా నిలిచే పదార్థం కంటే కణజాలంతో సర్దుకుపోయే పదార్థం మేలని గ్రహించారు. కొన్ని వారాల్లో కరిగే జెలటిన్, 1980లలో ఆవు కొల్లాజెన్, తరువాత రోగి సొంత కొవ్వు వాడుకలోకి వచ్చాయి. ఆవు కొల్లాజెన్‌కు ముందు అలర్జీ పరీక్ష అవసరమయ్యేది. సొంత కొవ్వును శరీరం పరాయిదిగా చూడదు గాని, అందులో ఎంత భాగం నిలుస్తుందో ముందుగా చెప్పలేము. నేడు విరివిగా వాడే హయలురోనిక్ ఆమ్లం మన స్వరతంత్రుల్లో సహజంగానే ఉంటుంది. ఎక్కించినది కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అలా కరగడం ఇక్కడ లోపం కాదు. దెబ్బతిన్న నాడి చాలామందిలో ఏడాదిలోపే కోలుకోవచ్చు. అంతవరకు ఆసరా ఉంటే చాలు. నాడి కోలుకోనివారికి శాశ్వత చికిత్సలు వేరే ఉన్నాయి.

కాబట్టి పాఠకులకు నా మనవి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించండి. ముందుగా కారణం తేలాలి. ఇంజెక్షన్ అవసరమన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కించే పదార్థమేది? ఎంతకాలం నిలుస్తుంది? తేడా వస్తే తీయడానికి వీలుందా? టెఫ్లాన్ రోజుల్లో ఈ మూడవ ప్రశ్నకు సరైన జవాబు లేకపోయింది.